వినపడని మాటకు అవునన్నాడు

పొట్నూరు చిన్నబ్బాయికి ఇంగ్లీషు నేర్పింది రేడియో. సాలూరు నుంచి వచ్చి రాయగడలో స్థిరపడిన కోమట్ల కుటుంబం వాళ్లది. తండ్రికి చింతపండు, బెల్లం టోకు వ్యాపారం. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, సంత రోజున కొండల మీంచి దిగేవాళ్లతో వాళ్ల దేశియా భాష. ఆ కొట్లో ఇంగ్లీషు అవసరం ఎవరికీ పడలేదు. కానీ గల్లాపెట్టె వెనక బల్ల మీద ఒక పెద్ద రేడియో ఉండేది. బేరాలు సద్దుమణిగాక కుర్రవాడు దాని ముల్లు తిప్పుతూ షార్ట్‌వేవ్‌లో ఏవేవో దూరదేశాల స్టేషన్లు పట్టేవాడు. అర్థం కాకపోయినా వార్తలు చదివేవాళ్ల వెంటే తనూ పెదవులు కదిపేవాడు. బస్తాలు మోసే కళాసీలు చూసి నవ్వేవారు. తండ్రి మాత్రం, పోనీలే, వీధుల వెంట తిరగడం మానేశాడు కదా అని ఊరుకున్నాడు.

ఆ పిచ్చే అతన్ని జయపురంలో బి.ఏ. దాకా, బరంపురంలో ఎం.ఏ. దాకా తీసుకెళ్లింది. కొరాపుట్‌లో ఒక కాలేజీలో ఇంగ్లీషు లెక్చరరుగా చేరి చాలా ఏళ్లు అక్కడే ఉండిపోయాడు. కొండ ఊరు కావడంతో గాలి తేటగా ఉంటుందనీ, స్టేషన్లు బాగా పలుకుతాయనీ అనేవాడు. తెల్లారకుండానే శాలువా కప్పుకుని రేడియో ముందు కూర్చునేవాడు. డాబా మీంచి పక్కింటి పనస చెట్టుకి రేడియో ఏరియల్‌గా రాగితీగ లాగించాడు. పెళ్లయి వచ్చిన కొత్తలో అతని భార్య రాజ్యానికి ఆ గరగర వింటే దడగా ఉండేది. తరవాత ఆ గరగర లేకపోతే మెలకువ రావడం మానేసింది.

తొంభై నాలుగులో సొంత ఊరు రాయగడకే బదిలీ అయింది. అక్కడి కాలేజీలో ఉచ్చారణ, స్పోకెన్ ఇంగ్లీషు అతని పేపర్లు. ఒడియా పిల్లల నోటా, తెలుగు పిల్లల నోటా, కొండ ఊళ్ల నుంచి వచ్చిన పిల్లల నోటా ఒక్కో అక్షరం ఎక్కడ జారిపోతోందో అతను ఇట్టే పట్టేసేవాడు. పిల్లలు అతన్ని ప్రొఫెసర్ గారనే పిలిచేవారు.

మరుసటి ఏడాది రేడియోలో స్టేషన్లు మసకబారడం మొదలుపెట్టాయి. వానాకాలం కదా అనుకున్నాడు. బ్యాటరీలు మార్చాడు. తీగ ఇంకా ఎత్తుకి కట్టించాడు. ఒక ఉదయం రాజ్యం వంటింట్లోంచి వచ్చి, ఎదురుగా నిలబడి, రేడియో చెవి తిప్పి చప్పుడు తగ్గించింది. వీధి చివరిదాకా వినపడుతోందట. అతనికి అప్పటిదాకా అది గొణుగుడులా ఉంది. ఆమె చెప్పిన మాటల్లో సగం పెదవుల్ని బట్టే తెలిశాయన్న సంగతి అప్పుడు గ్రహించాడు. 

పేపర్లు దిద్దే పనుందని ఇంట్లో చెప్పి విశాఖపట్నం వెళ్లి చెవి డాక్టరుకి చూపించుకున్నాడు. నరం చచ్చిపోతోందనీ, పోయింది తిరిగి రాదనీ, మిషను పెట్టుకోమనీ డాక్టరు కాగితం మీద రాసి మరీ చెప్పాడు. చిన్నబ్బాయి ఆ కాగితాన్ని రైల్వే స్టేషనులోనే చింపేశాడు. ఉచ్చారణ చెప్పేవాడి చెవిలో మిషను చూస్తే పిల్లలు నవ్వుతారు. అది చిన్న భయం. పెద్ద భయం వేరే ఉంది. సంగతి పైకి పొక్కితే మెడికల్ బోర్డుకి పంపుతారు. ఇంగ్లీషు వినలేనివాడు ఇంగ్లీషు ఏం చెబుతాడని ఇంటికి పంపేస్తారు. అది తప్ప అతనికి మరో పని చేతకాదు. ఇద్దరు పిల్లలు ఇంకా చదువుల్లో ఉన్నారు.

అప్పటినుంచి దాచడం మొదలైంది. క్లాసులో ప్రశ్నలకి వ్యవధి లేకుండా గంట కొట్టేదాకా తనే మాట్లాడేవాడు. పిల్లల నోటి ముందుకెళ్లి నిలబడి పెదవులు చూసేవాడు. ఫోను మోగితే పని ఉన్నట్టు లేచి బయటికి పోయేవాడు. స్టాఫ్ మీటింగుల్లో అందరూ నవ్వినప్పుడు నవ్వేవాడు. అర్థం కానప్పుడల్లా తల ఊపడం అలవాటు చేసుకున్నాడు. తల ఊపితే ఎవరూ మళ్లీ అడగరు. మంచి ఓపికగల మనిషని పేరు కూడా వచ్చింది. లోపల మాత్రం ప్రతిరోజూ ఈ రోజు దొరికిపోతానేమో అన్న బెంగతోనే కాలేజీ మెట్లెక్కేవాడు.

తొంభై ఏడు శ్రావణంలో ఆ రోజు వచ్చింది. దొరికిపోవడం మాత్రం అతను అనుకున్నట్టు జరగలేదు.

జోరున వాన. క్లాసు అయి రేకుల వరండాలో నడుస్తుంటే కుంతి ఎదురొచ్చింది. లక్ష్మీపూర్ దాటాక కొండ మీద ఊరు ఆ పిల్లది. తండ్రి లేడు. అన్న సోములు అల్లం పండించి, సంతలో అమ్మి చదివిస్తున్నాడు. ఇంగ్లీషు ఆనర్సులో ఆ ఊరి నుంచి వచ్చిన మొదటి పిల్ల. చెప్పింది మళ్లీ చెప్పనక్కర్లేకుండా నేర్చుకునేది. కానీ పెద్దవాళ్లతో మాట్లాడేటప్పుడు తలెత్తదు. ఆ రోజూ కాళ్లకేసి చూస్తూ, తడిసిన ఓణీ కొంగు మెలిపెడుతూ చాలాసేపు ఏదో చెప్పింది. రేకుల మీద వాన చప్పుడు తప్ప అతనికి ఇంకేమీ వినిపించలేదు. ఏమిటమ్మా అని ఒకసారి అడిగాడు. ఆమె మళ్లీ మొదటినుంచి చెప్పింది. తల వంచుకునే ఉండడంతో పెదవులు కనపడలేదు. వరండా చివర మరో లెక్చరరు గొడుగు విప్పుతూ ఇటే చూస్తున్నాడు. ఇంకోసారి అడగడానికి నోరు రాలేదు.

"అవునమ్మా, అవును. మంచిదే," అని తల ఊపాడు.

కుంతి తలెత్తింది. మొహంలో ఏదో బరువు దిగినట్టు కనపడింది. వంగి కాళ్లకి దణ్ణం పెట్టి వానలోకి పరుగెత్తింది. సెలవో, పుస్తకమో అడిగి ఉంటుందిలే అని అతను సర్దిచెప్పుకున్నాడు.

మర్నాడు ఆమె బెంచీ ఖాళీగా ఉంది. ఆ మర్నాడూ అంతే. ఆ వారం ముగిసేలోగా సోములు కాలేజీ గేటు దగ్గరికి వచ్చాడు. తలకి తువ్వాలు, మోకాళ్ల దాకా బురద. సంతలో తెలుగు కొట్లవాళ్లతో బేరాలాడి తెలుగు బాగానే వచ్చు. చిన్నబ్బాయి తండ్రి కొట్టుకి ఒకప్పుడు సోములు తండ్రి చింతపండు తెచ్చేవాడట. ఆ చనువుతోనే దగ్గరికొచ్చి, మొహంలోకి చూస్తూ అడిగాడు.

"మా సెల్లి మీకు సెప్పే ఎల్లిందంట బాబూ. ఏటి సెప్పింది?"

ఈ మాట చిన్నబ్బాయికి స్పష్టంగా తెలిసింది. 

"సెలవడిగింది. ఊరెళ్తానంది."

"ఊరు రానేదు బాబూ."

ప్రిన్సిపాలు పిలిచి అడిగినప్పుడూ అదే చెప్పాడు. ఒకసారి చెప్పాక ఇక మార్చడానికి లేకపోయింది. కుంతి రేకు పెట్టె కూడా హాస్టల్లో లేదు. సార్‌ని అడిగే వెళ్తున్నానని గదిలో ఉండే సుభశ్రీతో చెప్పిందట. అంతకుమించి సుభశ్రీ ఏమీ చెప్పడం లేదు. క్లాసులో ఆ పిల్ల రెప్పవాల్చకుండా తనకేసే చూస్తుంటే చిన్నబ్బాయికి నోట్లో పాఠం తడబడేది. ఈ పిల్లకి తెలుసు, నేను అబద్ధమాడుతున్నానని తెలుసు, ఏ క్షణంలోనైనా లేచి చెప్పేస్తుంది అనుకునేవాడు. అంతకంటే పెద్ద భయం మరొకటి. తను దేనికి అవునన్నాడు? చదువు మానేస్తానందా? ఎవరితోనో వెళ్లిపోతానందా? చచ్చిపోతానందా? చచ్చిపోతానన్న పిల్లతో మంచిదే అన్నాడా?  ఆ మొహం బరువు దిగినట్టు తేటపడడం పదే పదే గుర్తొచ్చేది.

సోములు ఊరికి తిరిగి వెళ్లలేదు. పగలంతా గేటు దగ్గరే కూర్చునేవాడు. చిన్నబ్బాయి వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ లేచి నిలబడి దణ్ణం పెట్టేవాడు. ఆ దణ్ణం తప్పించుకోవడానికి చిన్నబ్బాయి ఒకటి రెండుసార్లు వెనక గోడ పక్కనుంచి వెళ్లి, తన మీద తనకే అసహ్యం వేసి, మళ్లీ గేటు దారినే నడిచాడు.

ఒక ఆదివారం నాగావళి వంతెన కింద ఆడమనిషి శవం తేలిందని ఊళ్లో గుప్పుమంది. సోములు నేరుగా ఇంటికొచ్చాడు. పోలీసులతో మాట్లాడేందుకు చదువుకున్నవాళ్లు ఒకరు పక్కనుంటే ధైర్యమనీ, రమ్మనీ చేతులు జోడించాడు. చిన్నబ్బాయి చెప్పులు వేసుకున్నాడు.

ఒడ్డున జనం. ఎర్రనీళ్లు వంతెన స్తంభాల్ని ఒరుసుకుని పోతున్నాయి. కానిస్టేబులు ఏదో అడిగాడు. నది హోరులో ఒక్క ముక్క తెలియలేదు. చిన్నబ్బాయి తల ఊపాడు. కానిస్టేబులు గుడ్డ తొలగించాడు. ముందు పాదాలు, ఉబ్బిన చేతులు, తరవాత మొహం. కుంతి కాదు. ఎవరో పెద్దావిడ. చేతుల నిండా పచ్చబొట్లు.

సోములు ఇసుకలో కూలబడ్డాడు. చిన్నబ్బాయి కూడా పక్కనే కూర్చున్నాడు. మోకాళ్ల మధ్య తల పెట్టుకుని సోములు ఏదో అన్నాడు. చిన్నబ్బాయి తల ఊపాడు. సోములు మెల్లగా తలెత్తి అతనికేసి చూశాడు. ఆ చూపులో ఏదో విరిగిపోయింది. నీళ్లకేసి తిరిగాడు.

ఏమన్నాడో చిన్నబ్బాయికి తెలియదు. మళ్లీ తల ఊపాడు. తను ఊపుదామనుకోలేదు. మెడ దానంతట అదే కదిలింది. ఆ సంగతి అర్థమయ్యేసరికి శవాన్ని చూసినప్పుడు లేని భయం పట్టుకుంది. లేచి, దాదాపు పరుగులాంటి నడకతో ఇంటికొచ్చాడు.

రాజ్యం అన్నం వడ్డిస్తోంది. గుమ్మంలోనే నిలబడి, తనకి చెవులు వినపడటం లేదని చెప్పేశాడు. రెండేళ్లుగా ఎవరికీ చెప్పని మాట. ఆమె గరిట పట్టుకునే ఇటు తిరిగింది.

"నాకు తెల్దనుకున్నారేటి? ఇన్నాళ్లబట్టి మీకేసి తిరిగే గదా మాటాడతన్నాను. మీరే సెప్తారని ఊరుకున్నాను."

అప్పుడు కుంతి సంగతి చెప్పాడు. అది మాత్రం ఆమెకి తెలియదు. వింటూ వింటూ గరిట కింద పెట్టి పీట మీద కూర్చుండిపోయింది. కాసేపటికి తేరుకుని, అతని గడ్డం పట్టుకుని మొహం తనకేసి తిప్పుకుంది.

"ముందెళ్లి ఆ పిల్ల అన్నకి సెప్పండి. ఉజ్జోగం మాట తరవాత. ఉంటే ఉంటాది, పోతే పోతాది."

మర్నాడు పొద్దున గేటు దగ్గర సోములు లేవలేదు, దణ్ణం పెట్టలేదు. చిన్నబ్బాయే అతని ముందు గొంతుక్కూర్చున్నాడు. లోపలికి పోయే పిల్లలు ఆగి చూస్తున్నారు. వాళ్లు వింటారని తెలిసే చెప్పాడు. తనకి చెవులు లేవని, ఆ రోజు కుంతి చెప్పింది వినపడలేదని, వినకుండానే మంచిదే అన్నానని, సెలవన్నది అబద్ధమని చెప్పాడు. తరవాత, నిన్న నది ఒడ్డున నువ్వేమన్నావని అడిగాడు. సోములు తలకి చుట్టిన తువ్వాలు విప్పాడు.

"మా సెల్లి కూడా సచ్చిపోయిందంటారా బాబూ అని అడిగేను," అన్నాడు, పెదవులు కనపడేలా. "మీరు తలూపేరు. మా యమ్మకి ఏటని సెప్పాలో తెలీక ఆ ఒడ్డునే కూకుండిపోనాను."

చిన్నబ్బాయి మొహం చేతుల్లో దాచుకున్నాడు. అప్పుడే గుంపులోంచి సుభశ్రీ ముందుకొచ్చింది. ఆ పిల్ల ఏడుస్తోంది. సార్‌కి అంతా తెలుసనీ, తెలిసే కుంతి కోసం రహస్యం దాస్తున్నారనీ ఇన్నాళ్లూ అనుకుందట. సారే నోరు విప్పనప్పుడు తనెలా విప్పుతుందని ఒట్టు వేసినట్టు ఊరుకుందట. ఆ పిల్ల చూపులతో నిలదీస్తోందని చిన్నబ్బాయి భయపడ్డ రోజులన్నీ ఆమె అతని సైగ కోసం ఎదురుచూసింది.

ఆమె చెప్పింది ఇది. బిజయ్ అనే అతను మోటారుసైకిలు మీద హాస్టలు వీధికి వస్తుండేవాడు. రాయపూర్‌లో చిన్నపిల్లలకి ఇంగ్లీషు చెప్పే ఉద్యోగం ఇప్పిస్తాననీ, భోజనం, వసతి వాళ్లవేననీ, పరీక్షలు ప్రైవేటుగా కట్టుకోవచ్చనీ కుంతికి చెప్పాడు. అన్నకి భారం తగ్గుతుందని ఆమె ఆశపడింది. కానీ అతన్ని నమ్మాలో లేదో తేల్చుకోలేకపోయింది. కొరాపుట్‌లో ప్రొఫెసర్ గారి స్టూడెంటునని బిజయ్ చెప్పుకున్నాడు. అందుకని సార్‌నే అడిగింది.

"అతను మీ స్టూడెంటేనా, మంచివాడేనా, వెళ్లమంటారా అని అడిగింది సార్," అంది సుభశ్రీ. "మీరు అవునన్నారని చెప్పి ఎంతో సంతోషపడింది. లక్ష్మీపూర్‌లో ఉండే చిన్నాన్న కూతురు బుల్లిని కూడా దారిలో వెంట తీసుకెళ్తానంది."

బిజయ్ నిజంగానే అతని స్టూడెంటు. చిన్నబ్బాయికి వాడి మొహం వెంటనే గుర్తొచ్చింది. కొరాపుట్‌లో ఒక అమ్మాయిని మోసం చేసి ఊరు దాటించబోతే కాలేజీ నుంచి పంపేశారు. ఆ విచారణలో చిన్నబ్బాయి కూడా కూర్చున్నాడు. వాడి పేరు ఒక్కసారి చెవిన పడి ఉంటే, ఆ పిల్ల ఆ రోజు హాస్టలు గుమ్మం దాటేది కాదు.

ఆ మధ్యాహ్నం రైలుకే ముగ్గురూ జయపురం బయలుదేరారు, చిన్నబ్బాయి, సోములు, రాజ్యం. అతని చెవులకి బదులు తన చెవులుంటాయని చెప్పి రాజ్యం తనే చీర మార్చుకుని వచ్చింది. అప్పటిదాకా ఆమె పోలీసు స్టేషను గడప తొక్కి ఎరగదు. సొరంగం తరవాత సొరంగం. పెట్టె చీకటయినప్పుడల్లా పెదవులు కనపడక చిన్నబ్బాయికి లోకం మొత్తం ఆగిపోయినట్టు ఉండేది. ఆ చీకట్లో ఎవరైనా తనతో ఏమైనా అంటున్నారేమోనని బిగుసుకుపోయేవాడు. వెలుతురొచ్చేదాకా రాజ్యం అతని మణికట్టు వదల్లేదు.

కొరాపుట్ విచారణలో బిజయ్ ఇచ్చిన అడ్రసు చిన్నబ్బాయికి గుర్తుండబట్టి, జయపురంలో బస్టాండు పక్క వీధిలో వాడి అక్క ఇల్లు దొరికింది. తాళం వేసి ఉంది. ఆడపిల్లల్ని కొందర్ని అక్కడ ఉంచాడనీ, బోరిగుమ్మ మీదుగా రాయపూర్ వైపు పోయే బస్సు ఎక్కించి అప్పుడే వారం దాటిందనీ ఎదురింటివాళ్లు చెప్పారు. ఆ మాట రాజ్యం మళ్లీ అతనికేసి తిరిగి చెప్పడానికి కాస్త సమయం తీసుకుంది. చెప్పకముందే ఆమె మొహంలో అతను చదివేశాడు. పోలీసు స్టేషన్లో ఇన్‌స్పెక్టరు ఒక్కో మాటా అడుగుతుంటే, రాజ్యం వాటిని నెమ్మదిగా తిరిగి చెబుతుంటే, చిన్నబ్బాయి జరిగినదంతా, తన తప్పుతో సహా, చెప్పాడు. ఉద్యోగం గురించిన భయం అప్పటికి ఎక్కడో వెనకపడిపోయింది.

బిజయ్ దసరా ముందు పట్టుబడ్డాడు. వాడు చెప్పిన ఇంటికి పోలీసులతో పాటు సోములు రాయపూర్ వెళ్లాడు. ఉద్యోగమూ లేదు, చిన్నపిల్లలూ లేరు. తీసుకొచ్చిన ఆడపిల్లల్ని ఇళ్లల్లో పనికి అమ్ముతున్నారు. కుంతి ఒక ఇంట్లో దొరికింది. తప్పించుకోబోయిందని ఇంటావిడ కాల్చిన అట్లకాడతో చెయ్యి మీద వాతపెట్టింది. బుల్లి అక్కడ లేదు. చిన్నది కదా, చెప్పినట్టు వింటుందని దాన్ని ఢిల్లీ వైపు పంపేశారట. ఎవరికి అప్పగించారో బిజయ్‌కే సరిగా తెలియదన్నాడు.

చిన్నబ్బాయి కుంతిని చూడటానికి కొండ మీదికి వెళ్లాడు. చెవిలో మిషను అప్పటికి పెట్టుకున్నాడు. అది గాలి చప్పుడునీ, కోడిపుంజు కూతనీ, మాటల్నీ కలగలిపి గందరగోళంగా పోస్తోంది. కుంతి గుమ్మంలో కూర్చుని ఉంది. ఈసారి తల వంచలేదు. క్షమించమని అడగడానికి వచ్చినవాడు అలాగే నిలబడిపోయాడు.

"రెండుసార్లు చెప్పాను సార్," అంది. "రెండుసార్లు చెప్పాను."

అతను కూర్చున్నాడు.  సోములు తల్లి ఇచ్చిన గంజి తాగి, చీకటి పడకముందే కొండ దిగాడు.

మెడికల్ బోర్డు అతన్ని ఇంటికి పంపలేదు. ఉచ్చారణ పేపరు తీసేసి రాతపాఠాలు ఇచ్చారు. అంత భయపడితే చివరికి జరిగింది ఇంతే. ఆ సంగతి తెలిసిన రోజు అతను సంతోషించలేకపోయాడు. ఇంత చిన్నదాని కోసమా అనిపించి స్టాఫ్‌రూములో ఒంటరిగా కూర్చుండిపోయాడు. కుంతి కాలేజీకి తిరిగి రాలేదు. ప్రైవేటుగా పరీక్షలు రాసి, తరవాతెప్పుడో దామంజోడిలో ఒక బడిలో చేరిందని విన్నాడు. అతన్ని కలవడానికి ఆమె ఎప్పుడూ రాలేదు. రావాలని అతనూ అనుకోలేదు.

రెండువేల నాలుగులో రిటైరయ్యేదాకా, ఏ పిల్లైనా తల వంచుకుని మాట్లాడితే చాలు, ఆగిపోయేవాడు. తలెత్తమనేవాడు. మళ్లీ చెప్పమనేవాడు. తనకి అర్థమైంది తిరిగి చెప్పి, ఇదేనా అని అడిగి, అవునంటేనే వదిలేవాడు. ఈ సార్‌కి చాదస్తం అని పిల్లలు విసుక్కునేవారు. అయినా సరే, ఇంటికొచ్చాక పిల్లలు చెప్పినవాటిలో ఏదైనా తప్పుగా విన్నానేమోనని రాజ్యంతో చెప్పుకుని మళ్లీ మళ్లీ తడుముకునేవాడు.

సంత రోజున సోములు అల్లం బుట్టలతో వస్తాడు. చిన్నబ్బాయి సంచీ పట్టుకుని వెళ్లి అతని ఎదురుగా, పెదవులు కనపడేంత దగ్గరగా కూర్చుంటాడు. బుల్లి సంగతి అడుగుతాడు. పోలీసులు ఏమైనా చెప్పారా, ఢిల్లీ నుంచి వచ్చినవాళ్లెవరైనా చూశారా అని ప్రతిసారీ అడుగుతాడు. జవాబు వచ్చేలోపు అతని గుండె కొట్టుకోవడం అతనికే వినపడుతుంది.

"నేదు బాబూ," అంటాడు సోములు, అల్లం తూస్తూ. "ఏటీ తెలీనేదు."